మట్టిలో పెట్టాల్సింది మంటలో పెడుతున్నారు

మట్టి కొనుక్కునే రోజు వస్తుందంటే మా అత్తగారు నమ్మేవారు కాదు. ఇప్పుడు పలాసలో గానీ, శ్రీకాకుళంలో గానీ, విజయనగరంలో గానీ మొక్కలమ్మే చోటికి వెళ్ళి చూడండి. సంచుల్లో ఎర్రమట్టి, సంచుల్లో గత్తం, అదే పశువుల ఎరువు, ఇటుకలుగా అచ్చుపోసిన కొబ్బరిపొట్టు. అన్నిటికీ ధర ఉంది. శ్రీకాకుళం తీరంలోని మా ఉద్దానం కొబ్బరి డొక్కలు లారీలెక్కి వెళ్ళిపోతాయి. పీచు ఒకరికి, పొట్టు ఒకరికి అమ్ముడుపోయి, ఆ పొట్టే ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని మళ్ళీ మా పక్కకే వస్తుంది. దాన్ని కొని తెచ్చిన ఇంటివాళ్ళే సాయంత్రమయ్యేసరికి పెరటి మూల ఆకూ అలమూ, మట్టలూ, కొమ్మలూ పోగేసి అగ్గిపుల్ల గీస్తున్నారు. ఒక పక్క నేలకి బలమిచ్చేది కాల్చేసి, ఇంకో పక్క అదే బలాన్ని డబ్బిచ్చి తెచ్చుకోవడం! ఇంత నష్టపు పని మా రోజుల్లో ఎవరూ చేసేవారు కాదు.

సణుగుతున్నానంటారా, సణుగుతున్నాను. కారణం లేకుండా మాత్రం కాదు.

నేను పుట్టింది బొబ్బిలి పక్క మెట్ట ఊళ్ళో. మెట్టినిల్లు కవిటి పక్క ఉద్దానంలో. రెండు నేలల పోకడా నాకు తెలుసు. బొబ్బిలి పక్క ఎర్రనేల వానకి మెత్తబడి, ఎండకి బిగుసుకుపోయి, వేసవిలో గునపాన్ని దిగనివ్వదు. ఉద్దానం నేలలో ఇసకపాలెక్కువ. ఎన్ని బిందెలు పోసినా నీళ్ళు కిందికి జారిపోతాయి. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకీ వాన తక్కువేం కాదు. ఏడాది మొత్తం లెక్కేస్తే వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ ఆ వానంతా నైరుతి నెలల్లోనూ, అక్టోబర్ తుఫానుల్లోనూ ఒక్కుమ్మడిగా కురిసి, గెడ్డల్లో పడి సముద్రంలో కలిసిపోతుంది. ఫాల్గుణం వచ్చేసరికి నూతిలో చేద అడుగుకి తగులుతుంది. కురిసిన నీటిని నేలలో ఎలా ఆపుకోవాలన్నదే మా పెద్దవాళ్ళ పెరటి సేద్యానికంతటికీ మూలం. అందుకు వాళ్ళకి ఏ సరంజామా అక్కర్లేకపోయింది. కుళ్ళేది ఏదైనా సరే, దాన్ని నేలకి పెట్టేవారు.

మా రోజుల్లో ప్రతి ఇంటికీ ఒక పెంటపోగు ఉండేది. ఇల్లు కట్టేటప్పుడే దాని చోటు చూసుకునేవారు. పొద్దున్నే సాలలో పేడ, పశువుల కాళ్ళ కింద మూత్రంతో తడిసిన గడ్డి, పొయ్యిలో బూడిద, వాకిలి ఊడ్చిన చెత్త, కూరగాయల తొక్కలు, చెరిగిన ఊక, అన్నీ అందులోకే. పుచ్చిన వాసమో, చెదపట్టిన దూలం ముక్కో, పొయ్యిలో పెడితే పొగే తప్ప మంట రాని ముక్కిన కట్టో దొరికితే అదీ ఆ పోగులోకే. మాఘఫాల్గుణాల్లో గత్తం బళ్ళు కట్టేవారు. పోగంతా తవ్వి చేనికి తోలాక, అడుగున మిగిలిన నల్లటి మట్టిలో గుమ్మడి గింజలు గుచ్చేవాళ్ళం. ఆ పాదుకి ఎవరూ ఎరువు వెయ్యలేదు, ఎవరూ మందు కొట్టలేదు. తీగ పాకి పాకి సాల కప్పెక్కి కాసేది.

ఇల్లు నేసినప్పుడు చూడాలి. ఉద్దానంలో ఎక్కువభాగం తాటాకిళ్ళూ, గడ్డిళ్ళూ ఉన్న కాలమది. కొన్నేళ్ళకోసారి కప్పు దించి కొత్తాకు వేసేవారు. దించిన పాతాకు, నుసిరాలే వాసాలు, పురి సడలిన కట్లు గుట్టగా పెరట్లోకి చేరేవి. మా అత్తగారు దాని మీద పేడనీళ్ళు చల్లించి, నాలుగు తట్టల మట్టి పోయించి, వానాకాలం మొదట్లో బీర, ఆనప, పొట్ల పెట్టించేవారు. పైన పందిరి, కింద పాత ఇంటి కప్పు. ఆ ఏడు మా వీధి మొత్తానికి ఆనపకాయలు మా పెరటివే.

అరటిగెల కోశాక బోదె పారేసేవాళ్ళం కాదు. నరికి ముక్కలు చేసి పక్క పిలక మొదట్లో వేసి మట్టి కప్పేవాళ్ళం. బోదె నిండా నీళ్ళే కదా. ఎండలు ముదిరినా ఆ పిలక ఆకు వాడ్చేది కాదు. గోగు నార తీశాక పుల్లలు దడికీ పొయ్యికీ పోగా మిగిలినవి, విరిగినవి పాదుల్లోకి. కందికట్టెలో లావుది పొయ్యికి, సన్నంది పోగుకి. కొబ్బరి డొక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. చెట్టు చుట్టూ గాడి తీసి డొక్కల్ని వెల్లకిలా, అంటే లోపలి గుంట పైకొచ్చేలా పేర్చి, పైన మట్టి లాగేవారు. మా మామగారు ఏ పుస్తకమూ చదవలేదు గానీ, కొబ్బరి మీద పరిశోధన చేసేవాళ్ళూ ఇప్పటికీ ఇదే చెబుతారు. చెట్టు మొదలుకి రెండు మూడు మీటర్ల దూరంలో, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకం తీసి, డొక్కలు గుంట పైకి ఉండేలా వరసలుగా పేర్చి మట్టి కప్పమంటారు. డొక్క తన బరువుకి కొన్ని రెట్ల నీరు పట్టి ఉంచుతుంది. ఒకసారి పేరిస్తే ఐదారేళ్ళు దాని చలవ అందుతుంది.

ఇక పనస మోడు. మా దొడ్లో ముసలి పనస ఒకటి గాలికి పడిపోయింది. దూలాలకి పనికొచ్చిన మేర కోసుకున్నారు. మొదలూ, వేళ్ళ ముద్దా పెకిలించడానికి మనుషులు చాలలేదు. మా అత్తగారు దాన్ని అలాగే వదిలెయ్యమని, చుట్టూ ముక్కిపోయిన కొమ్మలు సర్దించి, పేడా మట్టీ పోయించి దిబ్బ కట్టించారు. మొదటి ఏడు బొబ్బర్లు, ఆ తర్వాత పెండలం. ఏళ్ళు గడిచాక తవ్వితే కలప ఎక్కడా లేదు. చేతిలో పొడిపొడిగా రాలే నల్లమట్టి, అందులో తెల్లటి బూజు దారాలు, వానపాములు. పెండలం దుంపలు మట్టి అంటకుండా ఊడి వచ్చేవి.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. దుంగలు ఏరికోరి పాతిపెట్టి, వాటి మీద మడి కట్టడం మా ఊళ్ళలో ఆనవాయితీ కాదు. కలప అంత తేరగా దొరికేది కాదు. కాలేదేదైనా పొయ్యికే. ధాన్యం ఉడకబెట్టాలన్నా, పెళ్ళికి వండాలన్నా, బాలింతకి నీళ్ళు కాచాలన్నా కట్టే దిక్కు. జీడితోటల్లో రాలిన పుల్లల కోసం ఆడవాళ్ళు చీకటితో లేచి వెళ్ళేవారు. అందుకే మట్టికి పెట్టింది పొయ్యి కాదన్నదే: పుచ్చింది, ముక్కింది, పెకలనిది. నేల వాటా కొంచెమే. కానీ ఆ కొంచెమూ ఎన్నడూ ఎగ్గొట్టలేదు.

తర్వాత గ్యాస్ వచ్చింది. 1999లో దీపం పథకం పెట్టి ఆడవాళ్ళకి కనెక్షన్లిచ్చారు. 2016లో ఉజ్జ్వల వచ్చింది. మంచిదే. పొగ తాగి తాగి కళ్ళు పోయినవాళ్ళని, దగ్గి దగ్గి పోయినవాళ్ళని చూసినదాన్ని, గ్యాస్ పొయ్యిని నేనెందుకు తప్పుపడతాను? నా బాధ వేరు. పొయ్యికి అక్కర్లేకుండా పోయిన ఆ కట్టె అంతా ఎక్కడికి వెళ్ళాలి? నేలకి వెళ్ళాలి. ఇన్నాళ్ళకి నేల వాటా నేలకి నిండుగా ఇచ్చే వీలు దొరికింది. మా అత్తగారికి లేని వీలది. దొరికిన వీలుని ఇప్పటివాళ్ళు ఏం చేశారు? పెరట్లోనే తగలబెడుతున్నారు. లేదంటే అడిగినంతకి ఇటుకబట్టీకి ఇచ్చేస్తున్నారు.

తిత్లీ తుఫాను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 2018లో దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు, అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో తరాలనాటి కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో పడుకున్నాయి. అంతకు ఐదేళ్ళ ముందు, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర దాటుతూ మా మీద ఒక దెబ్బ వేసింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడి విజయనగరం తోటల్నీ వదల్లేదు. కొబ్బరి మొక్క పెట్టి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. జీడితోట పోతే ఇంట్లో పెళ్ళి ఆగిపోతుంది, చదువు ఆగిపోతుంది. ఆ దుఃఖంలో ఉన్నవాళ్ళని కలప ఏం చేశారని నిలదీసే హక్కు నాకు లేదు. వాళ్ళకి ముందు దారి కావాలి, కరెంటు కావాలి, మంచినీళ్ళు కావాలి.

నేను నిలదీస్తున్నది తర్వాతి సంగతి. నెలలు గడిచాక కూడా పడ్డ కొమ్మలు, వేళ్ళ ముద్దలు, ఆకు, మట్టలు తోటల్లోనే గుట్టలుగా కాల్చారు. రోజుల తరబడి పొగ. ఆ తోటల నేల అప్పటికే నీడ పోగొట్టుకుని ఎండకి మాడుతోంది. ఏ నేల మీద అవి పెరిగాయో, ఏ నేల సారం అరవై డెబ్భై ఏళ్ళు తాగాయో ఆ నేలకే తిరిగి చేరాల్సిన సారమది. గుప్పెడు బూడిద మిగిలింది, అదీ వచ్చే వానకి కొట్టుకుపోయింది. కొత్త కొబ్బరిమొక్క పెట్టిన గోతికి పక్కనే పాత చెట్టు తాలూకు పుచ్చిన కొమ్మలు పాతి ఉంటే, ఆ పిల్లమొక్కకి రెండు వేసవులైనా ఆసరా దొరికేది. ఆ మాట చెప్పేవాడు ఆ రోజుల్లో తోటలోకి రాలేదు. నష్టం లెక్క రాసుకునేవాళ్ళే వచ్చారు.

ఈ మధ్య మా మనవడు ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. వాడు నైరా వ్యవసాయ కళాశాలలో చదివాడు. పచ్చగడ్డి కొండల దేశంలో ఎవరో దుంగలు పేర్చి, మీద మట్టి పోసి కూరలు పండిస్తున్నారు.

"మామ్మా, దీన్ని హ్యూగెల్‌కల్చర్ అంటారు. దుంగలు నీళ్ళు పట్టి ఉంచుతాయి. మడికి తడులు తగ్గుతాయి," అన్నాడు.

"ఏటి నాన్నా, ఇది చూడ్డానికి ఫోను కావాలేటి? మీ తాతోళ్ళమ్మ పనస మోడు మీద పెండలం తవ్విందిరా," అన్నాను.

వాడు నవ్వలేదు, వాదించలేదు. ఎక్కడ, ఎలా, ఏం వేశారు అని కూర్చోబెట్టి అడిగాడు. ఆ గుణం వాడికుంది. వాడే చెప్పాడు: 1962లో జర్మనీలో హెర్మన్ ఆండ్రే అనే ఆయన ఈ పద్ధతి మీద చిన్న పుస్తకం వేశాడట. ఆయనకి ఆ ఆలోచన వచ్చింది వాళ్ళ మామ్మ పెరట్లో ఒక మూల పోగుపడ్డ కట్టెల మీద రకరకాల మొక్కలు మొలవడం చూశాకనట. తర్వాత ఆస్ట్రియాలో సెప్ హోల్జర్ అనే రైతు తన కొండ పొలంలో పెద్ద పెద్ద దిబ్బలు కట్టి చూపించాడు. మన తెలుగు నేల మీదా ఈ తరహా సేద్యం చెప్పేవాళ్ళు జహీరాబాద్ పక్క ఎప్పట్నుంచో ఉన్నారు. 2017లో అక్కడి బిడకన్నె పొలానికి చాలా దేశాలవాళ్ళు వచ్చి పెర్మాకల్చర్ గురించి మాట్లాడుకుని వెళ్ళారు.

ఆ జర్మనీ ఆయన మీద నాకు గౌరవమే. మామ్మ పెరట్లో మూలనున్నదాన్ని వంగి చూశాడు, రాసిపెట్టాడు. మనవాళ్ళు ఆ పని చెయ్యలేదు. మా అత్తగారి పెరటి విద్య రాసినవాడు లేడు. ఇంట్లో కోడలికి చేతితో అందింది. ఆ కోడలి కోడలు పట్నం వెళ్ళిపోయింది. అక్కడితో తెగిపోయింది. ఇప్పుడు అదే విద్య ఇంకో దేశం పేరు పెట్టుకుని వస్తే, రుసుము కట్టి రెండు రోజుల తరగతికి వెళ్ళి నేర్చుకుంటున్నారు. నేర్చుకోండి, వద్దనను. కానీ ఆ చలిదేశం కొలతలు యథాతథంగా తెచ్చి మన ఎండలో పెట్టకండి. అక్కడ మనిషెత్తు దిబ్బ కడతారు. కలప కుళ్ళేటప్పుడు పుట్టే వేడి వాళ్ళ చలినేలకి మేలు. మనకి వేడి అక్కర్లేదు, తడి కావాలి. మనిషెత్తు దిబ్బ కడితే చైత్రం ఎండకి నెత్తిన ఎండిపోతుంది, అక్టోబర్ వానకి పక్కలు జారిపోతాయి.

అందుకని మా నేలకి ఎలా కట్టాలో, నాకు తెలిసిందీ మనవడు కూడగట్టిందీ కలిపి చెబుతాను. పనికొస్తుంది.

ఉద్దానంలాంటి ఇసకనేలైతే మోకాలి లోతు గొయ్యి తీసి దుంగల్ని నేల మట్టానికి కిందే పెట్టాలి. మీద మడి జానెడో మూరెడో లేస్తే చాలు. నాగావళి పక్క, వంశధార పక్క నీరు నిలిచే బంకనేలైతే గొయ్యి వద్దు. నేల మీదే దుంగలు పరిచి మోకాలెత్తు దిబ్బ కట్టాలి, వేళ్ళు కుళ్ళకుండా ఉంటాయి. వెడల్పు రెండు పక్కల నుంచీ చెయ్యి అందేంత. వాలు నేలైతే మడి వాలుకి అడ్డంగా ఉండాలి, జారే నీళ్ళు దాని దగ్గర ఆగాలి.

అడుగున లావు దుంగలు. పచ్చివాటి కన్నా పుచ్చినవి మేలు. పుచ్చిన కలపే నీరు తాగుతుంది, పట్టి ఉంచుతుంది, వేరు వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఇస్తుంది. మామిడి, మునగ కొమ్మలు తొందరగా మెత్తబడతాయి. విజయనగరం పక్క ముసలి సువర్ణరేఖ మామిడి తోటలు కొట్టేసినప్పుడు వచ్చే కొమ్మాకమ్మా దీనికి బాగుంటుంది. సరుగుడు, టేకు, తుమ్మ చేవ కలపలు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. గ్లిరిసీడియా లాంటివి పచ్చిగా పాతితే చిగురిస్తాయి, ఎండబెట్టి పెట్టాలి. దుంగల మీద సన్నకొమ్మలు, వాటి మీద అరటి బోదె ముక్కలు, కందికట్టె, గడ్డి, ఆకు. వరస వరసకీ పేడనీళ్ళు. వరస వరసకీ తడి. సందులన్నీ మట్టితోనూ గత్తంతోనూ కూరాలి. సందు వదిలారో, పందికొక్కు కాపురం పెడుతుంది, దాని వెనక పాము వస్తుంది. అన్నిటి మీదా జానెడు మంచి మట్టి, దాని మీద ఆకు కప్పు.

మొదటి ఏడు వంగా టమాటా పెట్టాలని తొందరపడకండి. కలప కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి. పేడలో ఒక పాలు నత్రజనికి 20 పైచిలుకు పాళ్ళు కర్బనం ఉంటే, వరిగడ్డిలో 80 దాకా, రంపపు పొట్టులో వందల పాళ్ళు ఉంటుందని మా మనవడు చెబుతాడు. ఆ లోటు పూడ్చుకోవడానికి అవి మట్టిలో నత్రజని లాగేసుకుంటాయి. మొక్క పసుపెక్కుతుంది. అందుకే గత్తానికి పిసినారితనం పనికిరాదు. మొదట బొబ్బర్లు, పెసర, మినుము వేసుకోవాలి, అవి తమ నత్రజని తామే సంపాదించుకుంటాయి. అంచుల్లో గుమ్మడి. రెండో ఏట నుంచి వంగ, మిరప, చేమ, పసుపు ఏదైనా వస్తుంది. మడి ఏటేటా కొంత కుంగుతుంది. కలప మట్టిగా మారుతోందన్నమాట. పైన గత్తమూ ఆకూ వేస్తూ పోవాలి.

కొబ్బరి దుంగ దగ్గర మాత్రం జాగ్రత్త. కుళ్ళే కొబ్బరి మానులోనూ, పెంటపోగులోనూ కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. తెల్లటి లావు పిల్లపురుగులు అందులోనే పెరిగి, రెక్కలొచ్చాక బతికున్న చెట్టు మొవ్వు తొలుస్తాయి. విచ్చుకున్న మట్ట త్రికోణంగా తెగి కనబడుతుంది. తుఫాను తర్వాత కొబ్బరి మానులు తోటలో ఊరికే వదిలేస్తే నిలబడ్డ నాలుగు చెట్లూ దీనికే బలి. కాబట్టి కొబ్బరి దుంగ చీల్చి ముక్కలు చేసి, అడుక్కి తగ్గని మట్టి కింద పూర్తిగా పాతాలి, ఎక్కడా బయటికి తేలకూడదు. మెటారైజియం అనే పచ్చబూజు ఆ పిల్లపురుగుల్ని చంపుతుంది. దాన్ని పోగులో, మడిలో కలుపుకోవాలి. కోనసీమలో అంబాజీపేట పరిశోధన స్థానం కొబ్బరి పురుగుల మీద ఇలాంటి పనే చేస్తుంది. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం మనకి దగ్గర, వెళ్ళి అడగండి. మా రోజుల్లో పెంటపోగు తోడేటప్పుడు కోళ్ళని వదిలేవాళ్ళం, ఒక్క పురుగూ మిగిలేది కాదు. చెదలు ఎండు కలపకే ఎక్కువ వస్తాయి. మడి తడిగా ఉంచాలి, ఇంటి గోడకీ కొబ్బరి మొదలుకీ ఎడంగా కట్టాలి.

ఇంత వివరం ఎందుకంటే, పని బరువు కాదు, శ్రద్ధ పోయింది. పెరడంతా సిమెంటు చేసేశారు, చెత్త పడితే ఊడ్చుకోవడానికి సులువని. వాన చుక్క ఇంకడానికి చోటు లేదు, వేసవికి బోరు దిగిపోయిందని ఏడుపు. సాలలు పోయాయి, ట్రాక్టర్లొచ్చాయి, గత్తం బండి చూడని పిల్లలు పెళ్ళీడుకొచ్చారు. మా పక్క ఊళ్ళో చెత్త నుంచి ఎరువు చెయ్యడానికి కట్టిన షెడ్డుకి తాళం, దాని ఎదురుగానే రోడ్డు వార ఎండాకు మంట. భోగికి మా రోజుల్లో పిడకలు, విరిగిన సామాను, రెండు కట్టెలు. ఇప్పుడు పోటీపడి దుంగల గుట్టలు కాలుస్తున్నారు, మధ్యలో టైర్లు. భోగి మంట వెయ్యండి, పిల్లలు చలి కాచుకోనివ్వండి. దానికి రెండు దుంగలు చాలు, మిగిలినవి నేలకి వదలండి.

మంచి జరగట్లేదని అనను. ప్రకృతి సేద్యం అంటూ 2016 నుంచి రైతు సాధికార సంస్థ వాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు. విజయనగరం, మన్యం జిల్లాల్లో తొలకరికి ముందే రకరకాల గింజలు కలిపి చల్లి నేలని పచ్చగా ఉంచే పద్ధతి రైతులు పట్టుకున్నారు. నేల ఖాళీగా ఉండకూడదు, నేలకి తిండి పెట్టాలి అన్న మాట మళ్ళీ ఊళ్ళలో వినబడుతోంది. ఆ మాట చేను దాటి పెరట్లోకి రావాలి. ఇంటి వెనక పెరడు ఆడవాళ్ళ చేతిలోది. అక్కడ పట్టుబడితే చేనికి వెళ్ళడం ఎంతసేపు?

మూడు పెద్ద తుఫానులూ అక్టోబర్‌లోనే వచ్చాయి. మళ్ళీ వస్తాయి. అందుకే ప్రతి పంచాయతీ ఇప్పుడే ఒక మాట అనుకోవాలి. పడ్డ చెట్ల మానులు అమ్ముకోదగ్గవి అమ్ముకోండి, అది రైతు సొమ్ము. కొమ్మా రెమ్మా, పుచ్చిన మొదలూ, వేళ్ళ ముద్దా మాత్రం ఒక్కటీ కాల్చకూడదు. తోటవాళ్ళు తోటలో కందకాలు తీసి పాతుకోవాలి. ఊళ్ళో పడ్డవి బడి తోటకీ అంగన్‌వాడీ పెరటికీ చేరాలి. పిల్లల పప్పులో పడే ఆకుకూర అక్కడే పండాలి. ఉపాధి హామీలో గోతులు తవ్విస్తూనే ఉన్నారు కదా, ఈ గోతులూ తవ్వించమని గ్రామసభలో అడగాలి. అడిగేది ఆడవాళ్ళైతే ఇంకా మంచిది.

ఇళ్ళలో వాళ్ళు పంచాయతీ కోసం చూడనక్కర్లేదు. మంచమంత చోటున్నా ఒక మడి అవుతుంది. వైశాఖంలో గొయ్యి తీసి, కట్టె పేర్చి, గత్తం కూరి, మట్టి కప్పి ఉంచితే తొలకరి వాన దాన్ని అడుగుదాకా తడుపుతుంది. ఏరువాక పున్నమి నాటికి బొబ్బర్లు పెట్టొచ్చు. ఎలా కట్టాలో తెలియనివాళ్ళు ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగండి, వాళ్ళు చెప్పేది ఈసారి రాసిపెట్టుకోండి. మేమున్నప్పుడే అడగండి.